లోర్నా చెక్క నేల

లోర్నా హాడో మా బిల్డింగులో చేరింది గదులు చూసి కాదు, నేల చూసి. చిన్నప్పటి నుంచీ ఆస్తమా మనిషి. కార్పెట్ ఉన్న ఇంట్లో వారం ఉంటే చాలు, గొంతులో పిల్లికూతలు మొదలవుతాయి. మా యాష్‌ఫీల్డ్ పేటంతా తిరిగి పదకొండు ఇళ్లు వద్దనుకుని, నా ఎదురు వాటా అద్దెకు తీసుకుంది. గోడ నుంచి గోడ దాకా తేనె రంగు చెక్క పలకలు. తాళం చేతికొచ్చిన రోజే చెప్పులు విప్పేసి ఇల్లంతా నడిచింది.

"తడిగుడ్డతో ఒక్కసారి తుడిస్తే దుమ్ము మాటే ఉండదు, మేవిస్! రాత్రి మందు పీల్చకుండా పడుకున్నా, తెలుసా?" అంది నాతో. స్కూలు క్యాంటీన్లో శాండ్‌విచ్‌లు చేసే మనిషి, తెల్లారేలోపే లేస్తుంది. ఆ లేవడమే కొంప ముంచింది.

ఆమె కింది వాటాలో డెస్ టూహీ ఉంటాడు. ముప్పయ్యేళ్లు బస్సు నడిపి రిటైరయ్యాడు. చెక్క మీద లోర్నా వేసే ప్రతి అడుగూ తన నెత్తి మీదే పడుతోందని బిల్డింగు అసోసియేషన్‌కి ఫిర్యాదు చేశాడు. మా దగ్గర ఇలాంటివాటికి ఒక పద్ధతుంది. పక్కవాళ్ల తలుపు కొట్టరు, శబ్దాల డైరీ రాస్తారు. డెస్ బస్సు టైములు రాసినట్టే రాశాడు: 5.10 కుర్చీ. 5.25 చెంచా పడింది. 5.40 బీరువా తలుపు.

లోర్నా కుర్చీ కాళ్లకు ఉన్ని ముక్కలు అంటించింది, రెండేసి మేజోళ్లు వేసుకుంది. ఫిర్యాదులు ఆగలేదు.

"మెట్లెక్కొచ్చి చెప్తే ఆయన సొమ్మేం పోయింది?" అని నా వంటింట్లో కూర్చుని మండిపడేది.

"నువ్వే దిగి అడగరాదూ?"

"నేనెందుకు దిగాలి? నేనేం దొంగతనం చేశానా?"

కింద డెస్‌దీ అదే పాట. నేను పైనా టీ తాగాను, కిందా టీ తాగాను, ఇద్దరి దగ్గరా తలూపాను.

జూన్‌లో మీటింగు జరిగింది. అద్దెకుండే వాళ్లకు అందులో చోటు లేదు, మాలాంటి సొంతదార్లకే. లోర్నా వాటాలో నేలంతా కార్పెట్ వెయ్యాలని తేల్చారు. లోర్నా డాక్టరు ఉత్తరం చూపిస్తే, అద్దెల వ్యవహారం చూసే ఏజెంటు పిల్ల "మీ బాధ అర్థమైందండీ, కానీ రూలంటే రూలు" అని నవ్వింది. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. గోడకు ఒక్క క్యాలెండర్ మేకు కొట్టుకుంటానంటే కుదరదన్నవాళ్లు, ఆ చెక్క చుట్టూతా రెండొందల మేకులు దిగ్గొట్టి కార్పెట్ బిగించారు. మూడో రోజుకే లోర్నాకు దగ్గు మొదలైంది.

నెల తిరిగాక ఒక ఆదివారం డెస్ మెట్లెక్కి వచ్చాడు. అదే మొదటిసారి. నేనూ లోర్నా గదిలోనే ఉన్నాను. ఆయన చేతిలో డైరీ చూడగానే లోర్నా భగ్గుమంది.

"ఇప్పుడేంటి? దగ్గినా తప్పేనా?"

"చదువమ్మా ముందు," అన్నాడు డెస్, పేజీ తెరిచి.

4.50 దగ్గు. 5.15 దగ్గు. 5.30 నుంచి 6 దాకా దగ్గు. పేజీ తర్వాత పేజీ అదే.

"కుర్చీ చప్పుడే నయం. నీకిలా అవుతుందని నాకెవరూ చెప్పలేదు. కార్పెట్ పీకెయ్యమని నేనే రాసిచ్చా. మళ్లీ మీటింగు మార్చిలోనట."

"మార్చా! ఖాళీ చేస్తానని నిన్ననే కాయితం ఇచ్చేశాను, డెస్. మూడు వారాలే." దగ్గు తెర వచ్చి లోర్నా కుర్చీ పట్టుకుంది. తేరుకున్నాక అడిగింది. "ఆ మీటింగులో ఒక్కళ్లు కూడా వద్దనలేదా? నా ఆస్తమా సంగతి తెలిసినవాళ్లు ఎవరూ లేరా?"

"ఎనిమిది వాటాలవాళ్లం. ఎనిమిదిమందీ చెయ్యెత్తాం," అన్నాడు డెస్.

గొడవ వదిలిపోతుంది కదా అనుకున్నాను ఆ మీటింగు రోజు. అందరికంటే ముందు లేచింది నా చెయ్యే.

లోర్నా నా వైపు తిరిగింది. నేను కార్పెట్ వంక చూస్తూ కూర్చున్నాను.