టార్పెడో ఎక్కించే పని

మా పొలం సోలార్ పార్కులోకి పోయాక మా నాయనకు ఒక్కటే పంతం మిగిలింది, నేను ఊరు దాటకూడదని. క్యాతగానచెర్లులో మా గుమ్మంలో నిలబడితే చూపు ఆనినంత మేరా నల్లటి పలకలే. వాటిని కడిగే పనో, ఆఫీసులో కంప్యూటర్ పనో చూసుకుంటే చాలన్నాడు. నేను నౌకాదళానికి దరఖాస్తు పెట్టాను.

“వాన మొగం చూడని ఊర్లో పుట్టి సముద్రంలో ఏం జేస్తావే?” అన్నాడు.

“వాన రాలేదని సముద్రం గూడా చూడకూడదా నాయనా?” అన్నాను.

ఆ మాటతో నాతో మాట్లాడడం మానేశాడు. నేను వెళ్లేరోజు పావగడ బస్టాండుకు అమ్మ ఒక్కతే వచ్చింది.

శిక్షణలో నన్ను ఏడిపించింది ఈత. మా వైపు బావులు నాకు ఊహ తెలియకముందే ఎండిపోయాయి. కొలనులోకి దూకాను, మునిగాను. పైకి లాగి, “భయమైతే ఇంటికి పోవచ్చు” అన్నాడు ఈత నేర్పే ఆయన. ముక్కులోంచి నీళ్లు కారుతుండగానే మళ్లీ మెట్లెక్కాను. ఎన్నిసార్లు మునిగానో గుర్తులేదు. చివరికి అవతలి గట్టు పట్టుకున్నప్పుడు ఎవరూ చప్పట్లు కొట్టలేదు. నేను వాటికోసం ఈదలేదు.

తర్వాత నన్ను తూర్పు తీరంలోని విమాన స్థావరానికి పంపారు. అక్కడ రెక్కల కింద ఇంజన్లు, పొట్ట కింద తలుపులు ఉన్న పెద్ద విమానాలు ఉండేవి. సముద్రం మీద గంటల తరబడి తిరిగి, శత్రువుల ఓడల మీదా నీటి అడుగున నక్కిన జలాంతర్గాముల మీదా టార్పెడో జారవిడవడం వాటి పని. టార్పెడో నీళ్లలో పడ్డాక తనంతట తానే దూసుకుపోయి కొడుతుంది. దాన్ని బండి మీద తెచ్చి, విమానం పొట్టలోకి ఎత్తి, కొక్కేలకు తగిలించే జట్టులో నన్ను వేశారు.

“ఇది బరువు పని. నువ్వు స్పానర్లు అందిస్తే చాలు” అన్నాడు జట్టు పెద్ద, హిందీలో.

“బరువెత్తేది యంత్రం కదా సార్. నేనూ నేర్చుకుంటాను” అన్నాను.

ఒక ఉదయం సాధన కోసం మందుగుండు లేని టార్పెడోను ఎక్కిస్తున్నాం. పైలట్లు సిద్ధంగా ఉన్నారు. వెనక కొక్కెం దగ్గర నాకు ఎర్రటి గీత కనబడింది. కొక్కెం పూర్తిగా బిగుసుకుంటే ఆ గీత కనబడకూడదు.

“ఆపండి!” అని అరిచాను.

జట్టు పెద్ద వచ్చి టార్చి వేసి చూశాడు. “బాగానే ఉంది. పక్కకు రా.”

“దించి మళ్లీ ఎక్కిద్దాం సార్.”

“టైం లేదు.”

“అయితే నేను పక్కకు రాను” అన్నాను. ఆ కొక్కెం కిందే నిలబడ్డాను.

దించారు. కొక్కెం సరిగ్గానే పట్టి ఉంది. నాకు గీతలా కనబడింది గ్రీజు మరక. జట్టంతా నవ్వింది. విమానం ఆలస్యంగా లేచింది.

మధ్యాహ్నం జట్టు పెద్ద పిలిచాడు. తిట్లకు సిద్ధపడే వెళ్లాను.

“రేపు మళ్లీ అలాంటి మరక కనబడితే?”

“ఆపుతాను సార్.”

“నేను వద్దన్నా?”

“మీరు వద్దన్నా.”

మర్నాడు ఎత్తే యంత్రం మీటలు నాకు అప్పగించాడు.

మొదటి సెలవుకు వచ్చినప్పుడు పావగడ బస్టాండులో నాయన బండితో నిలబడి ఉన్నాడు. టీ తాగుతుంటే బజారులో కొట్టు పెట్టుకున్న పరిచయస్థుడొకడు వచ్చాడు.

“పెద్ద విమానాల కాడ పనంట గదప్పా నీ కూతురికి? ఆడపిల్లకు ఆడ ఏం పనుంటాదిలే, టీ ఇచ్చే పనేమో” అన్నాడు నాయనతో.

“టార్పెడో ఎక్కించే పని మామా. నేను సరే అంటేనే ఆ విమానం లేస్తాది” అన్నాను.

ఆయన నవ్వబోయి, నాయన మొహం చూసి ఆగాడు.

“ఇంగా ఏమన్నా అడగల్లా?” అన్నాడు నాయన.

నాయన నా సంచి తీసి బండి ట్యాంకు మీద పెట్టుకున్నాడు. ఊరు దగ్గరపడ్డాక, పలకల మధ్య దారిలో, “అది నీళ్లల్లో పడినాక దోవ ఎట్ల తెలుస్తాది దానికి?” అని అడిగాడు. చెప్పడం మొదలుపెట్టాను. మా ఇంటి సందు దాటిపోయినా ఆయన బండి ఆపలేదు.