స్వామి పటం కింద ఆటో స్టార్టర్లు

మనం అడగకముందే ఎండనూ వాననూ ఇచ్చి, నేల కడుపులో నీళ్లు దాచి ఉంచిన లక్ష్మీనరసింహస్వామికి ముందుగా మొక్కుకుంటున్నాను. ఆయన ఇచ్చినవాటిలో మాది అనదగ్గది ఒక్కటీ లేదు. ఈ మాట మా ఊరి భజన మందిరంలో ఏళ్ల తరబడి చెబుతూనే ఉన్నాను. నాకు అర్థమైంది మాత్రం మొన్నటి యాసంగి పంటప్పుడే.

మాది మోతె దగ్గర ఒక ఊరు. రెండెకరాల వరి, ఒక బోరు. కరెంటు ఎప్పుడొస్తుందో తెలియని రోజుల్లో సూర్యాపేటలో ఆటో స్టార్టర్ కొని, బండి ట్యాంకు మీద పెట్టుకుని తెచ్చాను. కరెంటు రాగానే మనిషి చెయ్యి పడకుండా మోటారును నడిపే పెట్టె అది. ఏటా దసరాకు దానికి పసుపు రాసి, కుంకుమ పెట్టి, బంతిపూల దండ వేసేవాణ్ణి. తర్వాత పొలాలకు రోజంతా కరెంటు వచ్చింది. పెట్టె అలాగే ఉండిపోయింది, మోటారు ఎప్పుడు నడుస్తోందో చూసుకోవడం మానేశాను.

కరెంటు శాఖవాళ్లు ఊరికి వచ్చి ఇలాంటి పెట్టెలన్నీ తీసేయమన్నారు. కరెంటూ నీళ్లూ వృథా అవుతున్నాయని, కరెంటు కోసం కాల్చే బొగ్గు వల్లే ఎండలు ముదురుతున్నాయని నచ్చజెప్పారు. "ఇయ్యాల పెట్టె తియ్యమంటరు, రేపు మీటరు పెట్టి బిల్లు ఏస్తరు" అని అందరికంటే గట్టిగా అన్నది నేనే.

నా పొలానికి ఆనుకునే మా వదిన పొలం. మా అన్న దామరచర్లలో బొగ్గుతో కరెంటు తీసే ప్లాంటులో పనికి పోతాడు, సాగంతా ఆమెదే. అన్న మాట విని ఆమె తన పెట్టెను మొదటి రోజే తీసేసింది. ఆ యాసంగిలో ఆమె వరి పొట్టకొచ్చిన సమయానికి బోరు ఆగి ఆగి పోయసాగింది. ఇంకో రెండు వారాలు నీళ్లందకపోతే పంటంతా తాలే.

ఒక శనివారం సాయంత్రం భజన అయ్యాక, పంచకుండా తిన్నవాడి తిండి దొంగసొత్తేనని శాస్త్రం ఎందుకన్నదో వివరిస్తున్నాను. ఆడవాళ్ల వరుసలో తాళాలు పట్టుకుని కూర్చున్న వదిన లేచింది.

"మరిదీ, జర ఆగు. గిప్పుడు నీ మోటారు నడుస్తుందా, బందున్నదా?"

నాకు తెలియదు. నిజంగానే తెలియదు.

"తెల్వదు గదా? నేను సెప్త విను. నడుస్తంది. నీ మడి నిండి, ఒడ్డు పొర్లి, నీళ్లన్నీ బాట పొంటి పోతున్నయ్. నా బోరేమో దగ్గుతంది. మీ అన్న గాడ బొగ్గుల పడి నల్లగైతుండు, నువ్వు గీడ బాటకు నీళ్లు తాపుతున్నవ్. పురాణం మాత్రం మస్తు సెప్తవ్!"

మందిరమంతా నవ్వింది. నేనూ నవ్వబోయాను గానీ రాలేదు.

తెల్లవారగానే పొలానికి బయల్దేరాను. ఆమె చెప్పింది అబద్ధమైతే బాగుండునని దారి పొడుగునా అనుకున్నాను. పొలం ఇంకా కొంత దూరం ఉండగానే చెప్పులు బురదలో దిగబడ్డాయి. వాన పడి ఎన్నాళ్లయిందో. అది నా నీళ్ల బురదే.

లైన్‌మన్‌ను పిలిపించాను. అతను పెట్టె విప్పి నా చేతిలో పెట్టాడు. దాని మీద దసరా కుంకుమ ఇంకా పోలేదు.

"ఏం కాకా, ఇన్నొద్దులు దేవుని లెక్క మొక్కినవ్. ఇగ పాత సామానోనికి ఏస్తవా?"

పూజ చేసిన వస్తువును ఎలా పారేస్తాను? తీసుకెళ్లి మందిరంలో స్వామి పటం కింద పెట్టి సాష్టాంగపడ్డాను. నీ నీళ్లను నావి అనుకున్నాను తండ్రీ, మన్నించు అన్నాను.

ఆ రోజు నుంచి మోటారు చేత్తోనే వేస్తున్నాను, మడి తడవగానే బంద్ చేస్తున్నాను. మోకాళ్లు ఊరుకోవు, అయినా పోతాను. కానీ నా ఒక్క పెట్టెతో వదిన బోరు తేరుకోలేదు. చుట్టూ ఇంకా ఎన్నో మోటార్లు నేలలోని అవే నీళ్లను లాగుతున్నాయి. మరుసటి శనివారం భజనకు పోతే, నా పెట్టె పక్కన ఇంకో నాలుగున్నాయి. వాటి మీదా కుంకుమే. ఎవరికీ ఎవరూ చెప్పలేదు. ఇంకొన్ని రోజులకు పటం కింద చోటు చాలక హార్మోనియం పక్కకు జరపాల్సి వచ్చింది.

ఆ వారంలోనే ఒక పొద్దున వదిన ఒడ్డు మీంచి కేకేసింది. "మరిదీ, ఇగ సూడు! పైపు నిండ పోస్తంది!"

ఆమె వడ్లు గింజ గట్టిపడి మిర్యాలగూడ మిల్లుకు చేరాయి.

మొన్న కోదాడ నుంచి మా వియ్యంకుడు వచ్చాడు. "ఏంటి బావగారూ, కరెంటు రోజంతా ఉంటే స్విచ్ వేయటానికి పొద్దున్నే మీరు పరిగెత్తటమేంటండీ?" అని నవ్వాడు. చెయ్యి పట్టుకుని మందిరానికి తీసుకుపోయి ఆ కుప్ప చూపించాను. "మా ఊళ్లో ఒక్కళ్లూ తీయలేదండీ" అన్నాడు. స్వామి ఎదుట గర్వం కూడదని చెప్పేవాణ్ణి నేనే. అయినా మా ఊరిని చూసి నా ఛాతీ ఉబ్బింది. ఈ ఒక్క గర్వాన్ని ఆయన మన్నిస్తాడనే నమ్ముతున్నాను.

చదువుతున్న మీరు ఎక్కడున్నా, ఒక్క నిమిషం నాతో చేతులు జోడించండి. స్వామీ, చాలినంత తీసుకుని ఆపడం మా చేతికి నేర్పు. మా పక్క పొలంవాళ్ల పైపు నిండుగా పోయనియ్యి.