తొమ్మిదో ప్రశ్నకు తప్పు పెట్టారు

రెజీనా మా స్కూల్లో ఆయాగా చేరిన రోజు అందరూ ముక్కున వేలేసుకున్నారు. ఆమె కూతురు నిస్సీ అదే స్కూల్లో పదో తరగతి చదువుతూ జనవరిలో ప్రాణం తీసుకుంది. బిడ్డ తిరిగిన వరండా ఊడ్వడానికి ఏ తల్లికి చేతులొస్తాయి? పొట్టకూటికి వచ్చిందనుకున్నారు. నేనూ అక్కడ ఆయానే. కల్లూరులో మా రెండిళ్లకూ మధ్య గోడ ఒక్కటే. అందుకే నాకు తెలుసు, ఆమె వచ్చింది పగతో.

పగ మా కరస్పాండెంట్ నాగేశ్వరయ్య మీద. నిస్సీని పాతిపెట్టిన మర్నాడే ఆయన పోలీసుల ముందు ఒక కాగితాల కట్ట పెట్టాడు. జిల్లా నుంచి కౌన్సిలర్ శ్రీవాణి మేడమ్ వచ్చి పిల్లల కోసం ఇచ్చిపోయిన ప్రశ్నల కాగితాలవి. నిద్ర పట్టడం లేదా, ఆకలి వేయడం లేదా అంటూ తొమ్మిది ప్రశ్నలు. చివరిది, చచ్చిపోతే బాగుండునని ఎప్పుడైనా అనిపించిందా అని. మా స్కూల్లో ఒక్క బిడ్డ కూడా అవునని రాయలేదు, కారణం ఏదున్నా వాళ్లింట్లోనే ఉంటుంది అన్నాడు ఆ పెద్దమనిషి. రెజీనా మొగుడు జయపాల్‌ది మంగంపేట గనుల్లో పని, నెలకోసారి వస్తాడు. ఇంకేం, జనానికి కథ దొరికింది. చర్చిలో ఆమె పక్కన కూర్చునేవాళ్లు ఒక వరస వెనక్కి జరిగారు. ఒక ఆదివారం నేనూ జరిగాను. ఆ సిగ్గు నాకింకా ఉంది.

మార్చిలో నేనూ రెజీనా స్టోర్‌రూము దులుపుతుంటే ఇంకో కట్ట దొరికింది. అప్పుడు అర్థమైంది జరిగిందేమిటో. మా దగ్గర పిల్లల చేతికి ఏ కాగితం వచ్చినా బోర్డు మీద జవాబుల కీ పడాల్సిందే. ఈ తొమ్మిది ప్రశ్నలకూ క్లాస్ టీచర్ కీ రాశాడు, కాగితాలు దిద్దాడు, మార్కులు వేశాడు, ఆ తర్వాత కీ ప్రకారం ఫెయిర్ కాపీలు రాయించి మేడమ్‌కు చూపించాడు; పోలీసుల ముందు పెట్టినవీ అవే. నిస్సీ మొదటి కాగితంలో తొమ్మిదో ప్రశ్నకు ‘అవును’ దగ్గర టిక్కు పెట్టింది. దాని మీద ఎర్ర సిరాతో ఇంటూ గుర్తు. పైన తొమ్మిదికి ఎనిమిది. కింద, కీ చూసి సరిచేసుకో అని.

ఆ బిడ్డ మనసులో ఏమేముందో మాకెవరికీ తెలియదు. చెప్పుకుంది మాత్రం ఆ ఒక్కచోటే. దానికీ తప్పు పెట్టారు, వెధవలు.

రెజీనా ఏడవలేదు. "దాని స్కూలు డైరీలో ఈ ఎనిమిది నేనూ చూసినా అక్కా," అంది. "అందురికీ తొమ్మిదొస్తే నీ మార్కు యాడ పోయిందే అని తిట్టినా."

ఆ కాగితం పేపరువాళ్లకిద్దామన్నాను, పోలీసులకిద్దామన్నాను. రెజీనా ఒప్పుకోలేదు. ఆ కాగితం బైబిల్లో పెట్టుకుని జూలై దాకా వరండాలు ఊడ్చింది, నాగేశ్వరయ్యకు టీ అందించింది. ఈమె రక్తం ఏమైపోయిందా అని నాకు ఒళ్లు మండేది.

జూలైలో శ్రీవాణి మేడమ్ అవే ప్రశ్నల కాగితాలతో మళ్లీ వచ్చింది. రెజీనా ఆమెకు టీతో పాటు ఆ కాగితం ఇచ్చింది. మేడమ్ చదివి, టీ అక్కడే వదిలేసి పదో తరగతికి నడిచింది. అప్పటికే పిల్లలకు కాగితాలు పంచేశారు, బోర్డు మీద కీ కూడా పడి ఉంది. వెంటే వచ్చిన రెజీనా తడిగుడ్డతో దాన్ని తుడిచి పిల్లలవైపు తిరిగింది.

"నా బిడ్డ ఈడనే కూచోని నిజం రాసింది. తప్పని కొట్టేసినారు. అది తప్పు కాదు నాయనా. మీకేమనిపిస్తాందో అదే రాయండి. మార్కులు లేవు. మేడమ్ తప్ప ఎవురూ చూడరు."

నాగేశ్వరయ్య పరుగెత్తుకొచ్చాడు. మేడమ్ ఆయన మొహాన్నే తలుపేసింది.

పదకొండు మంది అవునని రాశారు. మేడమ్ ఒక్కొక్కరితో విడిగా మాట్లాడి, ఇద్దరిని ఆ రోజే ఆస్పత్రికి తీసుకుపోయింది. మిగతావాళ్లు ఒప్పుకున్నాక తల్లిదండ్రుల్ని పిలిపించింది. వాళ్లతో మాట్లాడేటప్పుడు స్కూలు తరఫున ఎవరు కూర్చుంటారని అడిగితే, రెజీనా వేలెత్తి నాగేశ్వరయ్యను చూపించింది. మేడమ్ పిల్లల్ని అడిగి సరేనంది.

మూడు రోజులు కూర్చున్నాడు. అన్నం సయించని పిల్ల చెప్పింది విన్నాడు. నాన్న ముందు నోరు పెగలని పిల్లవాడి ఏడుపు విన్నాడు. రెజీనా గుమ్మంలో నిలబడి నీళ్లందిస్తూ ఆయన ముఖమే చూసేది. నాకైతే కడుపు చల్లబడింది, దాచుకోవడమెందుకు.

మూడో రోజు ఆయన తట్టుకోలేకపోయాడు. "ఏం కావాలమ్మా నీకు? నన్ను జైల్లో పెట్టించాల్నా? స్కూలు మూయించాల్నా?"

"వద్దు సార్. జైల్లో ఈ పిల్లోళ్ల మాటలు మీకు ఇనబడవు. ప్రతి ఏడూ ఈడనే కూచోని ఇనాల. నేను బతికుండేదాకా కూచోబెడతా."

ఆ తర్వాత ఆఖరి అమ్మాయిని పిలిచింది. ఆ పిల్ల గుమ్మం దగ్గర ఆగి, ఆయమ్మా నువ్వూ లోపలుండు అని చెయ్యి పట్టుకుంది. రెజీనా లోపలికి పోయింది. ఆ పిల్ల చెబుతున్నంతసేపూ ఆమె నేల చూస్తూ నిలబడింది. నాగేశ్వరయ్య వైపు ఒక్కసారి కూడా చూడలేదు.

బయటికొచ్చాక నా భుజం పట్టుకుంది. "మార్కు గురించి కాకుండా నేను ఇంకేమన్నా అడిగింటే, నా బిడ్డా ఇట్లనే చెప్పిండేదేమో అక్కా," అంది.