కరెంటు పడిపోతాది

మా ఇంటి పెళ్ళిళ్ళలో నలుగురు ఒకచోట చేరితే ఇప్పటికీ ఒక కథ నడుస్తుంది. మా బావ, అంటే నా భార్య అన్నయ్య, కోడంబాక్కం స్టూడియోలో బెల్టు బిగించి మోటారు కాల్చేసిన కథ. ఆయన భోజనాల వరుసలో ఉన్నా ఆపరు. "కుర్చీ బిగిస్తావేమో బావా, జాగ్రత్త" అని ఎవరో ఒకరు అంటారు. అందరూ నవ్వుతారు. నేనూ నవ్వేవాణ్ణి.

ఆ కథలో అబద్ధం లేదు. సగమే ఉంది. ఆ సగాన్ని కోసి లోకం మీదికి వదిలినవాణ్ణి నేను. ఆయన మీద ప్రేమ పుట్టుకొచ్చి ఇది రాయడం లేదు. ఆయనంటే నాకు అప్పుడూ పడదు, ఇప్పుడూ పడదు.

ఆయనది తాతల నాటి నుంచీ మద్రాసు పురసవాక్కం. నేను గోదావరి వైపు నుంచి వచ్చినవాణ్ణి. ఇద్దరం కలిసి మోటార్లకు కంట్రోల్ ప్యానెళ్ళు చేసే షాపు నడిపేవాళ్ళం. నా మాట ఆయనకు ఎగతాళి, ఆయన మాట నాకు చీదర. "ఆయ్ అంటా వచ్చినాడప్పా" అని కస్టమర్ల ముందే అనేవాడు. "మీది తెలుగా, అరవమా? ముందు తేల్చుకోండి" అని నేను అనేవాణ్ణి. మా ఆవిడ ఇద్దరికీ క్యారేజీ పంపేది, విడివిడిగా.

స్టూడియోలో పాటల కోసం వాడే తిరిగే వేదిక ఒకటి ఉంది. కింద పాత మోటారు, బెల్టు, గేరు పెట్టె. మోటారు ఎంత లాగుతోందో, సప్లై ఎలా ఉందో, వేదిక ఎంత వేగంగా తిరుగుతోందో కనిపించేలా మీటర్లు పెట్టమని మేనేజరు అడిగాడు. ఏ సెన్సర్లు కొనాలో నేను తేల్చాలి. మోటారు తీరు చూసి ఆయన చెప్పాలి.

వేగం దగ్గరే మొదటి గొడవ. కాంతి కిరణం పళ్ళ చక్రం సందుల్లోంచి పోతూ ఉంటే లెక్కపెట్టే సెన్సరు ఆయనకు ఇష్టం. అక్కడ పాటకో పొగ వదులుతారు, దుమ్ము సరేసరి, ఆ కిరణం ఏం చూస్తుందని నేను అడ్డుపడ్డాను. ఇనప పళ్ళు దగ్గరికి వస్తే పసిగట్టే అయస్కాంతం సెన్సరు పెట్టాలన్నాను. అందులో నాదే ఒప్పు. ఆ ఒప్పే నన్ను పాడుచేసింది. ఇక ఆయన్ని ఏదీ అడగక్కర్లేదని అనిపించింది.

మర్నాడు ఆయన స్టూడియో నుంచి ఫోన్ చేశాడు.

"ఈడ లైట్లన్నీ ఏస్తే కరెంటు పడిపోతాది బావా. చూసుకో."

"పడిపోతుందా? పెరగడం లేదు కదా?"

"తెలుగే కదయ్యా చెప్తాండేది? పడిపోతాది!" అని పెట్టేశాడు.

ఇంట్లో బల్బు గుడ్డిగా వెలిగితే కరెంటు తక్కువ వస్తోందంటాం. నేనూ అలాగే అంటాను. కానీ షాపులో కుర్చీలో కూర్చుంటే నాకు కరెంటంటే ఆంపియర్లు. ఆయన చెప్పింది వోల్టేజి సంగతి. స్టూడియో జనరేటరు మీద లైట్ల బరువు పడి వోల్టేజి తగ్గుతోంది. అలా తగ్గితే అదే వేదికను తిప్పడానికి మోటారు ఇంకా ఎక్కువ ఆంపియర్లు లాగుతుంది. అంటే నేను విన్నదానికి సరిగ్గా తలకిందులు.

'ఏ కరెంటు?' అని తిరిగి ఫోన్ చేసి అడిగితే సరిపోయేది. అనుమానం వచ్చింది కూడా. అడిగితే వారం రోజులు ఎగతాళి చేస్తాడని అడగలేదు. మోటారు తేలిగ్గానే ఉందని, కొద్ది ఆంపియర్ల వరకే కొలిచే చిన్న రేంజి కరెంటు సెన్సరు తెప్పించాను. వోల్టేజి సెన్సరు దండగని కొట్టేశాను. మోటారు ఎక్కువ లాగితే ఆపడానికి స్టార్టరులో ఉండే రిలే అనవసరంగా మాటిమాటికీ ఆపేస్తోందని దాని సెట్టింగు కూడా నేనే పెంచాను.

షూటింగు రోజున లైట్లన్నీ వెలిగాయి. వేగం అంకె దిగడం మొదలైంది. కరెంటు అంకె మాత్రం కదలకుండా నిలబడింది. ఆ సెన్సరు తన పైహద్దుకు చేరి, అంతకు మించి చెప్పలేక ఆగిపోయింది. నేను దాన్ని నిలకడ అనుకున్నాను. మోటారు బాగుంటే ఇక తప్పు బెల్టుదే.

"స్పీడు దిగతాంది బా, ఆపేద్దామా?" అన్నాడు ఆయన.

"బెల్టు జారుతోంది. ఆపి, బిగించి మళ్ళీ తిప్పండి."

"బెల్టు బాగానే ఉందప్పా."

"సెన్సరు చెబుతోందండీ. మీకంటే దానికి తెలుసు."

ఆయన పళ్ళు కొరుకుతూ బిగించాడు. వేదిక మళ్ళీ తిరిగింది. పొగ యంత్రం పనిచేస్తూ ఉండడంతో మోటారు పొగ ఎవరి కంటికీ ఆనలేదు. డాన్సు చేస్తున్న అమ్మాయి ముక్కు మూసుకునేసరికి వైండింగు మాడిపోయింది.

మేనేజరు అరుస్తూ వచ్చాడు. "బెల్టు ముట్టుకున్నది ఎవరు?"

"ఆయనే" అన్నాను.

అంతే. ఒక్క మాట, నిఖార్సయిన నిజం. ఆయన నా వైపు చూశాడు. ఆ తర్వాత ఏ స్టూడియో ఆయన్ని మోటారు దగ్గరికి రానివ్వలేదు. షాపు నాకు మిగిలింది.

మొన్న మైలాపూరులో ఒక పెళ్ళి. మళ్ళీ అదే కథ, అదే నవ్వు. ఈసారి నవ్వినవాడు ఆయన సొంత అల్లుడు. చెయ్యి కడుక్కునే చోట ఆయన్ని ఆపి, తప్పు నాదని చెప్పాను.

"నాకెందుకు చెప్తావు? నాకు తెలీదా?" అన్నాడు. "ఈడ చెవిలో కాదు. ఆడ చెప్పు. ఎక్కడ అన్నావో ఆడనే."

స్టూడియోకి వెళ్ళాం. వేరువేరు ఆటోల్లో. ఆ మేనేజరే ఉన్నాడు, జుట్టు నెరిసింది. నేను ఫోను సంగతి, సెన్సర్ల సంగతి చెప్పి ఆగాను.

"బిగించమన్నది ఎవరో కూడా చెప్పు" అన్నాడు బావ, చేతులు కట్టుకుని.

"నేనే" అన్నాను. రిలే సంగతి ఆయన అడగకముందే చెప్పాను.

మేనేజరు మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. వేదికకు ఇప్పుడు మీటర్లే లేవని, ఎవరైనా పెడితే బాగుండునని బావతో అన్నాడు, నాతో కాదు.

"పెడతా. ఈయన మాత్రం ఈ ఫ్లోర్‌లో అడుగు పెట్టకూడదు" అన్నాడు బావ.

నేను తల ఊపాను. గేటు దాటుతుంటే వెనక నుంచి కేక వినిపించింది.

"వోల్టేజి సెన్సరు మీ షాపులోనే కొంటా. బిల్లులో కరెంటు సెన్సరని రాసేవు, జాగ్రత్త!"