పెదాలు కదిపితే చాలన్నారు

నన్ను గుడిలో పాడొద్దన్నారు. పెదాలు కదిపితే చాలన్నారు. అన్నవాడు పరాయివాడైతే ఈపాటికి మరిచిపోయేవాణ్ణేమో. సాక్షాత్తూ మా అక్క మొగుడు!

ఆ రోజుల్లో చింతపల్లి కొండల్లో మనిషి గొంతే ఫోను. ఈ కొండ మీంచి ఆ కొండకు కబురు చెప్పాలంటే చేతులు నోటికి దొప్పలా పెట్టి కేకెయ్యడమే. నేను బడి మొహం చూడలేదు (అక్షరాలు ఉప్పు పొట్లాల కాగితాల మీదా, గుడిలో పాటల పుస్తకంలోనూ నేర్చుకున్నాను, ఇందులో ఎవడి దయా లేదు). కాని కందిచేలో మంచె మీద కూర్చుని చిలకల్ని తోలి తోలి పెంచుకున్న గొంతు నాది. ఒక్క కేకకు మూడు చేల చిలకలు లేచేవి. పక్క చేలవాళ్ళు నన్ను నమ్ముకుని మంచెలు దిగి, ఇంటికి పోయి అంబలి తాగొచ్చేవారు.

మా బావ మైదానం నుంచి హార్మోనియంతో సహా ఘాటీ ఎక్కి వచ్చిన మనిషి. మా రేకుల గుడిలో పాటల గుంపు పెట్టాడు. క్రిస్మస్ పాటలు నేర్చుకునే మొదటి రోజు నేను పాట అందుకోగానే హార్మోనియం ఆపేశాడు.

"ఒరే బామ్మర్దీ, ఏటి సేత్తన్నావు?"

"పాడతన్నాను బావా."

"నువ్వు పాడితే నా పెట్టి నాకే ఇనబడతంది కాదు. ఇక్కడ తోలడానికి సిలకలు నేవురా. పెదాలు కదుపు, సాలు."

గుంపులో ఉన్న పిల్లలు, మా గుంటలందరూ కిసుక్కుమన్నారు.

ఆ ఆదివారమే పాస్టరయ్యగారు తలాంతుల గురించి (దేవుడిచ్చిన నేర్పులన్నమాట) చెప్పారు. దేవుడు ఎవరినీ వట్టి చేతులతో పంపడని, ఆయన ఇచ్చినదాన్ని మట్టిలో పాతిపెట్టడం పాపమని. నేను లేచి నిలబడ్డాను. "అయ్యగారూ, నా తలాంతు నేను పాతిపెట్టనేదు, మా బావ పాతిపెట్టినాడు. పాపం ఎవుడికి తగులుతాది?" అయ్యగారు గడియారం కేసి చూసి, ప్రార్థన చేద్దామన్నారు. పైకి పోట్లాడాను గాని, నన్ను చేసేటప్పుడు గొంతు దగ్గర దేవుడికి చెయ్యి జారిందేమోనని నాకు నిజంగానే దిగులు పట్టుకుంది.

అలిగాను. పండక్కి ముందు రోజు గుంపు చుట్టుపక్కల పల్లెల్లో పాడడానికి బయల్దేరితే, నేను పోయి మంచె ఎక్కాను. సాయంత్రం నాలుగయ్యేసరికి మంచు దిగింది. నా చెయ్యి నాకే కనపడడం లేదు. కింద పాట మాత్రం వినిపిస్తోంది. పల్లెకు రావలసిన పాట గెడ్డ వైపు పోతోంది! (వాగును మేం గెడ్డంటాం. అక్కడ గట్టు రెండు నిలువుల ఎత్తు.) తరవాత తెలిసిందేమిటంటే, ఎదురు కొండ, వాళ్ళ పాటను వాళ్ళకే తిరిగి అప్పజెబుతుంటే, మా ఊరివాళ్ళు స్వాగతం పాడుతున్నారనుకున్నాడు మా బావ. "అది కొండ పలకడం" అని మా గుంటలు మొత్తుకున్నా వినకుండా, మురిసిపోతూ అటే నడిపించాడు.

అలక మంచె మీదే వదిలేసి లేచి నిలబడ్డాను.

"ఓహోయ్! అటు గెడ్డరోయ్! నా కేక పట్టుకుని బేగి ఇటు రండి!"

హార్మోనియం టక్కున ఆగింది. అరగంట సేపు ఆపకుండా కేకలేశాను. కేక వెంబడే ఒక్కొక్కరూ మంచులోంచి బయటపడ్డారు. ఆఖర్న బావ, హార్మోనియాన్ని చంటిబిడ్డలా గుండెకు హత్తుకుని.

మర్నాడు గుడిలో అయ్యగారు, "ఈ గొంతు దేవుడెందుకిచ్చాడో నిన్న చూశాం" అన్నారు. నాకు కళ్ళు నిండాయి. చెయ్యి జారి చేసింది కాదన్నమాట. ఆ ఊపులో మొదటి పాట అందుకోబోయాను. బావ హార్మోనియం మీంచి తలెత్తకుండానే, "పెదాలు," అన్నాడు.

అప్పట్నుంచీ పెదాలే. ఏటా పండక్కి అడుగుతూనే వచ్చాను, "బావా, ఇప్పుడైనా పాడొచ్చా?" అని. ఏటా నవ్వి హార్మోనియం తెరిచేవాడు. ఇప్పుడు గుడికి మైకులొచ్చాయి. గుంపును బావ మనవరాలు నడుపుతోంది. బావకు వినికిడి తగ్గింది (నాకు కోపం తగ్గలేదు). మొన్న పండగనాడు ఇద్దరం ఒకే బెంచీ మీద కూర్చున్నాం. ఈసారి అడగడం మరిచిపోయాను. పాట మొదలవగానే అలవాటు కొద్దీ పెదాలు కదుపుతున్నాను. బావ కాసేపు నా నోటి కేసే చూసి, మోకాలితో పొడిచాడు.

"పాడరా బామ్మర్దీ. ఆళ్ళది ఒక్క ముక్కా ఇనబడతంది కాదు. నీ గొంతొక్కటే నాకు అందుతాది."