ఆవిడ పేరిట బియ్యం

సూరత్‌లో దొరల సమాధులు చూడడానికి నేనొక్కదాన్నే వెళ్లాను. మావారిది హజీరాలో ఇంజినీరు ఉద్యోగం. దొరక్క దొరక్క దొరికిన ఆదివారం చచ్చినవాళ్ల దగ్గరికెందుకు, డుమస్ బీచికి వెళ్లి టమాటా బజ్జీలు తిందాం అన్నారు. నాది బందరు. చిన్నప్పుడు డచ్చివాళ్ల సమాధుల మధ్య దాగుడుమూతలు ఆడినదాన్ని. ఈ ఊళ్లో నాకు చుట్టాల్లా కనిపించింది ఆ చచ్చినవాళ్లే, ఏం చేయను!

ఆటోల రొద మధ్య కుంపెనీ వర్తకుల గుమ్మటాలు దర్జాగా నిలబడి ఉన్నాయి. ఇంత గుమ్మటం కట్టించుకున్నవాడికి జ్వరం వస్తే గంజి కాచిపోసింది ఎవరో? నేను చదివిన పాత ఇంగ్లీషు నవలల్లో ఆ మనిషి ఉంటుంది, ఒక్క పేరాలో. నేటివ్ ఆడమనిషి అని ఒక మాట. పళ్లెం పెట్టి తలుపు చాటుకు పోతుంది, అంతే. దొరగారికి మాత్రం పేరూ ఇంటిపేరూ, ఇంగ్లండులో ఉన్న మేనత్త పేరుతో సహా ఉంటాయి. నాకు ఒళ్లు మండింది. ఇంటికొచ్చి నవల మొదలుపెట్టాను.

తాపీ నది ఒడ్డున కుంపెనీ కోఠీలో బట్టల బేళ్లు లెక్కచూసే ఒక కుర్ర దొర, అతని ఇల్లు చూసుకునే ఈ ఊరి మనిషి. కథ బాగానే నడిచింది కానీ ఆవిడకు పేరు కుదరలేదు. ఏ పేరు పెట్టినా ఎవరి రవికో తొడిగినట్టుండేది. ఒక్కరైనా ఆవిడను తలుచుకోవాలనే కదా నేను రాస్తున్నది. పేరు లేకుండా ఏమని తలుచుకుంటారు? చివరి అధ్యాయం దగ్గరికొచ్చినా ఆ దిగులు తీరలేదు.

చెప్పేవాడికి వినేవాడు లోకువంటారు. అసలు వినేవాడే లేకపోతే చెప్పేవాడి బతుకేమిటో ఏ సామెతా చెప్పదు. మావారికి చదివి వినిపిస్తే ఫోను చూసుకుంటూ "వింటున్నానోయ్" అనేవారు. తలుపు మీద ఆయన పేరుంది. ఎదురింటి గుజరాతీవాళ్లకు నేను భాభీని, వాచ్‌మన్‌కు ఫ్లాటు నంబరుని, మావారికి "ఏమోయ్"ని. పేరు పెట్టి పిలిచేది అమ్మ, ఫోనులో. అమ్మ పోయాక ఆ పిలుపూ పోయింది. మధ్యాహ్నాలు ఎంత పొడుగ్గా ఉండేవంటే, లిఫ్టు చప్పుడైతే మన అంతస్తులో ఆగుతుందేమోనని చెవులు రిక్కించేదాన్ని. ఆగేది కాదు.

చివరికి నా కథకు ఊ కొట్టింది మా వంటావిడ. వాళ్లది కరీంనగర్ వైపు పల్లె. భర్త మగ్గాల మీద పనిచేస్తాడు. ఊరి చివర డిండోలి నుంచి రెండు బస్సులు మారి వచ్చి మా కాలనీలో తెలుగువాళ్ల ఇళ్లలో వండేది. ఆవిడ కూరలు తరుగుతుంటే నేను స్టూలు మీద కూర్చుని చదివేదాన్ని. కత్తి ఆపకుండానే నా దొరను తిట్టేది.

"పెండ్లి చేసుకున్నడా మేడం ఆమెను?"

"లేదు."

"ఎందుకు చేసుకుంటడు! మా దిక్కు దొరలు సుత గంతే. గడీల ఉంచుకుంటరు, దావత్‌ల కూసోబెట్టరు."

కథలో దొర జ్వరంతో పోయినప్పుడు మా వంటావిడ పెద్దగా చలించలేదు. "పోనీ తియ్" అని పోపు వేసింది. తోటి వర్తకులు అతనికి గుమ్మటం లేపి, అతని ఇల్లు చూసుకున్న మనిషిని కోఠీ నుంచి పంపేశారు. ఏటి ఒడ్డున గుడిసెలో, వానాకాలంలో, ఒక్కతే కన్నుమూసిందని చదివిన రోజు మాత్రం వంటావిడ స్టవ్ ఆపేసింది.

"ఎవ్వలు లేరా ఆమెకు? పిల్లలు?"

"లేరు."

మాకూ పిల్లలు లేరు. ఆ సంగతి ఆవిడకు తెలుసు. చేతులు కడుక్కుని కొంగుకు తుడుచుకుంది.

"రేపు పెత్రమాస, నాకు ఛుట్టీ గావాలె మేడం. సచ్చిపోయిన మా పెద్దలకు బియ్యం ఇస్తం. బియ్యం, పప్పు, కూరగాయలు పళ్లెంల పెట్టి ఇస్తే అయ్యగారు ఒక్కొక్కల పేరు సదువుతడు. ఆమెకు సుత ఇంత ఇస్త. పేరేంది ఆమెది?"

నేను నవ్వాను. "అయ్యో, ఆవిడ నిజంగా లేదమ్మా. నేను అల్లిన కథ."

"దొర గోరీ ఉన్నదంటివి గద. దొర ఉన్నంక ఆమె ఉండదా? అన్నం ఎవలు పెట్టిన్రు మరి?"

"గోత్రం కూడా తెలియదు కదా" అన్నాను, తప్పించుకుందామని.

"మా గోత్రమే చెప్త తియ్. జర పేరు చెప్పున్రి, బస్సుకు టైమైతుంది."

చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడింది. ఇన్నాళ్లూ కుదరని పేరు అప్పటికప్పుడు ఎక్కడినుంచి తేను? నోటికొచ్చింది చెప్పేశాను. నా పేరే చెప్పాను.

బతికున్న మనిషి పేరిట బియ్యమా, అపశకునం కాదూ అని తిడుతుందనుకున్నాను. ఆవిడ ఆ పేరు రెండుసార్లు నోట్లో అనుకుని, "మంచిగున్నది పేరు" అని లిఫ్టు బటన్ నొక్కింది. ఇన్నేళ్లుగా మా ఇంట్లో వండుతున్నా నేను ఆవిడకు మేడమ్‌నే. నాకూ ఒక పేరుంటుందని ఆవిడకెందుకు తోస్తుంది?

పెత్రమాస మరునాడు జుట్టులో తంగేడు పువ్వుతో వచ్చింది. బియ్యం కడుగుతూ చెప్పింది.

"ఇచ్చిన మేడం ఆమెకు. సొరకాయ సుత పెట్టిన. పేరు సక్కగ ఇనవడలేదంటే అయ్యగారికి మల్ల చెప్పిన. గట్టిగ సదివిండు, అందరు ఇన్నరు."

నేను బాల్కనీలోకి వెళ్లి కాసేపు ఏడ్చాను. నేను వచ్చాక ఈ ఊళ్లో నా పేరు ఎవరైనా పైకి అనడం అదే మొదటిసారి.