ఒకటి కలిపి ఒకటి విప్పే మామయ్య

మా మామయ్య ఒకేసారి రెండు మార్పులు చేయడు. కొత్త చెప్పులు కొంటే వారం పాటు ఒక కాలికి కొత్తది, రెండో కాలికి పాతది. అత్తయ్య మంచం జరపమంటే, మొన్ననే కర్టెన్లు మార్చాం కదా, ఇల్లు కాస్త తేరుకోనీ అంటాడు. పెళ్ళయిన కొత్తలో అత్తయ్య తల బాదుకునేది. ఇప్పుడు ఓపిక లేక మానేసింది.

ఆయన పెద్దాసుపత్రిలో కరెంటు ఇంజనీరు. అక్కడ భవనాలను కలిపే కేబుళ్ళు అవసరానికి మించి ఉన్నాయి. అన్ని భవనాలకూ కరెంటు అందాలి, కానీ కేబుళ్ళు ఎక్కడా చుట్టుగా కలిసిపోయి ఉండకూడదు. అలా అమర్చే తీరులు బోలెడు. కొత్త విభాగం తెరవాలంటే వాటిలో ప్రతి ఒక్కటీ పరీక్షించాల్సిందేనని తనిఖీ అధికారి తేల్చేశాడు.

రోజంతా కరెంటు ఆపేద్దామన్నాడు సూపరింటెండెంటు. నెలలు నిండని పిల్లల వార్డు నర్సు వద్దే వద్దంది. జనరేటరు అంతసేపు మోయలేదు, గాజుపెట్టెల్లోని పసికందులను కదిలించే వీల్లేదు.

మామయ్య అడ్డం పడ్డాడు. ఒక కేబులు కలిపి, దానివల్ల క్షణంపాటు ఏర్పడ్డ చుట్టులోంచి వెంటనే ఇంకొకటి విప్పుకుంటూ పోతే ఎవరి దీపమూ ఆరదన్నాడు. చూసిన అమరికను మళ్ళీ చూడకుండా, అన్నీ చూసేసి, బయల్దేరిన చోటికే చేరే దారి ఉండి తీరుతుందని, అది లెక్కల్లో రుజువైన మాటేనని వాదించాడు.

"అన్నీ చూశాక ఆగిపోవచ్చుగా?" అన్నాడు సూపరింటెండెంటు.

"రోజూ నడిచేది మొదటి అమరికతోనే కదండీ. ఎక్కడో దూరాన ఆగితే వెనక్కి రావడానికి మళ్ళీ ఎన్ని మార్చాలో. నా దారిలో చివరి అమరికకూ మొదటిదానికీ ఒక్క కేబులే తేడా."

దారి ఉందని తెలియడం వేరు, దొరకడం వేరు. ముందుగది గోడకు భవనానికో మేకు కొట్టి, కేబుళ్ళకు బదులు దారాలు కట్టి విప్పుతూ తిండి కూడా మరిచిపోయాడు. ఒక సాయంత్రం ఆయన కేకకు అత్తయ్య గరిటెతో పరుగెత్తుకొచ్చింది.

"మొదటికొచ్చిందే!"

"పని మళ్ళీ మొదటికొస్తే సంతోషించే మనిషిని మిమ్మల్నే చూశాను" అంది అత్తయ్య.

పరీక్ష రోజు నేనూ వెళ్ళాను. వార్డులో గాజుపెట్టెల మీది దీపాలు రెప్పపాటు కూడా వణకలేదు. ఎవరికీ కుదుపు తగలకూడదన్నదే ఈయన చాదస్తమని నాకప్పుడు తెలిసింది, గర్వంగా అనిపించింది. నర్సు మాత్రం పొద్దుటి నుంచీ దీపాలకేసి చూస్తూ నిలబడే ఉంది.

"ఇంకెప్పుడు మొదలుపెడతారండీ?" అని అడిగింది మామయ్యను చూడగానే.

"అయిపోయిందమ్మా. ఇక నువ్వు కూర్చో."